మొదటి వాల్వ్ యాంప్లిఫయర్: స్పీకర్ నుంచి ప్లగ్ దాకా వెనక్కి లెక్క

వాల్వ్ (గాజు వాక్యూమ్ ట్యూబ్) యాంప్లిఫయర్ కట్టాలని సరదా పుట్టగానే చాలామంది ఏదో ఒక సర్క్యూట్ బొమ్మ సంపాదించి, అందులో ఉన్న విలువలన్నీ కొనుక్కొచ్చి సోల్డర్ చేసేస్తారు. మొదటిసారే పాడితే అదృష్టం. పాడకపోతే ఎక్కడ వెతకాలో తెలియదు. ఆ 150 ఓంలు అక్కడ ఎందుకున్నాయో, 250 వోల్టులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియకుండా తప్పు పట్టుకోవడం కష్టం.

అందుకే ఇక్కడ వెనక నుంచి ముందుకి వద్దాం. స్పీకర్‌కి ఎంత కావాలో ముందు తేల్చుకుని, దాన్నిబట్టి ఔట్‌పుట్ వాల్వ్, దాన్ని నడపడానికి డ్రైవర్, ఈ రెండింటికీ తిండి పెట్టే పవర్ సప్లయ్. ఓమ్స్ లా, వర్గమూలం వస్తే ఈ లెక్కలన్నీ వచ్చినట్టే.

ముందు ప్రాణం సంగతి

ఈ డబ్బా లోపల దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా అది కెపాసిటర్లలో నిలిచే ఉంటుంది. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు. ఇంతవరకు బ్యాటరీలు, 12 వోల్టుల అడాప్టర్లతోనే పనిచేసి ఉంటే, హై వోల్టేజ్ తెలిసినవాళ్ల పక్కన కూర్చుని ఒకటి కట్టడం చూశాకే ఇది మొదలుపెట్టండి.

కరెంటు ఉండగా లోపల కొలవాల్సి వస్తే మీటర్ నెగటివ్ క్లిప్‌ని ముందే చాసిస్‌కి (యాంప్లిఫయర్ లోహపు డబ్బాకి) తగిలించి, ఒక్క చేత్తోనే కొలవండి. రెండో చెయ్యి జేబులో ఉండాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు ఈ పని వద్దు. ఆఫ్ చేశాక ప్లగ్ తీసి, మెయిన్ కెపాసిటర్ మీద వోల్టేజ్ 10 లోపు పడిందని మీటర్‌లో చూశాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఖాళీ చేసే పద్ధతి మానుకోండి. రెండు క్రోకోడైల్ క్లిప్పుల మధ్య 1 కిలో ఓం, 10 వాట్ల రెసిస్టర్ కట్టి పెట్టుకుంటే అదే పని నెమ్మదిగా, నిప్పురవ్వలు లేకుండా అవుతుంది.

ఇంకో మాట. మెటల్ చాసిస్‌ని మూడు పిన్నుల ప్లగ్ ఎర్త్‌కి విడిగా ఒక బోల్టుతో గట్టిగా బిగించాలి. హమ్ (స్పీకర్‌లో వినిపించే మెయిన్స్ గుయ్ శబ్దం) పోవాలంటే ఎర్త్ తీసెయ్యమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. వినకండి.

మొదటి అడుగు: ఎన్ని వాట్లు కావాలి?

మీ స్పీకర్ వెనక సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఉదాహరణకి 89 డెసిబెల్స్ అని ఉంటే, 1 వాట్ ఇచ్చినప్పుడు 1 మీటర్ దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. 5 వాట్లు ఇస్తే దానికి 7 డెసిబెల్స్ కలుస్తాయి, అంటే 96. మామూలు గదిలో అది గట్టి శబ్దమే. 5 నుంచి 10 వాట్లకు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, ఖర్చు మాత్రం రెట్టింపు దాటుతుంది. కాబట్టి మొదటి యాంప్లిఫయర్‌కి 5 వాట్లు సరైన లక్ష్యం. మీ స్పీకర్ 84 డెసిబెల్స్ రకం అయితే మాత్రం యాంప్లిఫయర్ పెంచే బదులు స్పీకర్ మార్చుకోవడమే తెలివైన పని.

రెండో అడుగు: ఔట్‌పుట్ వాల్వ్

నేను చెప్పేది ఈఎల్84, సింగిల్ ఎండెడ్ క్లాస్ ఏ. అంటే ఒక్కో ఛానెల్‌కి ఒక్క ఔట్‌పుట్ వాల్వ్, అది సిగ్నల్ మొత్తాన్నీ తానే మోస్తుంది. పుష్‌పుల్ (రెండు వాల్వులు సిగ్నల్‌ని పంచుకుని మోసే పద్ధతి) అయితే ఎక్కువ వాట్లు వస్తాయి గానీ, దానికి ఫేజ్ స్ప్లిటర్ కావాలి, రెండు వాల్వుల మధ్య బ్యాలెన్స్ చూడాలి. మొదటిసారికి ఆ తలనొప్పి ఎందుకు?

ఈఎల్84కి అమెరికా పేరు 6బీక్యూ5. ఈరోజుకీ కొత్తగా తయారవుతోంది, వెల కూడా అందుబాటులోనే ఉంటుంది. దీనిలో నాకు బాగా నచ్చేది, దీన్ని నడపడానికి చాలా తక్కువ సిగ్నల్ చాలు. వాల్వ్ లోపల హీటర్ వేడిచేసే కాథోడ్ నుంచి ప్లేట్‌కి ఎలక్ట్రాన్లు సాగుతాయి, మధ్యలో ఉన్న గ్రిడ్ వాటిని అదుపు చేస్తుంది. ఆ గ్రిడ్ మీద సుమారు 4.3 వోల్టుల ఆర్ఎంఎస్ (ఏసీ వోల్టేజ్‌ని చెప్పే మామూలు లెక్క) ఇస్తే పూర్తి పవర్ ఇచ్చేస్తుంది. 300బీ లాంటి పెద్ద ట్రయోడ్‌కి (కాథోడ్, ఒకే గ్రిడ్, ప్లేట్ ఉన్న వాల్వ్) ఇంతకు పది రెట్లకు పైగా కావాలి, అందుకే దాని డ్రైవర్ స్టేజ్ కట్టడమే ఒక ప్రాజెక్ట్ అవుతుంది.

డేటాషీట్ తెరిచి ఈ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. హీటర్ 6.3 వోల్టులు, 0.76 ఆంపులు. ప్లేట్ మీద గరిష్ఠ డీసీ వోల్టేజ్ 300. ప్లేట్ వేడి రూపంలో భరించగలిగేది 12 వాట్లు, స్క్రీన్ గ్రిడ్ (మొదటి గ్రిడ్‌కీ ప్లేట్‌కీ మధ్య ఉండే రెండో గ్రిడ్) భరించగలిగేది 2 వాట్లు. క్లాస్ ఏకి సూచించిన పాయింట్: ప్లేట్, స్క్రీన్ రెండూ 250 వోల్టులు, ప్లేట్ కరెంట్ 48 మిల్లీఆంపులు, స్క్రీన్ కరెంట్ 5.5 మిల్లీఆంపులు, గ్రిడ్ బయాస్ (కాథోడ్‌తో పోలిస్తే గ్రిడ్ మీద ఉండే స్థిర వోల్టేజ్) మైనస్ 7.3 వోల్టులు, లోడ్ 5 కిలో ఓంల చుట్టుపక్కల.

ఇప్పుడు ఈ అంకెల్ని మనమే పరీక్షిద్దాం. సిగ్నల్ లేనప్పుడు 48 మిల్లీఆంపులు పారుతోంది కాబట్టి, సిగ్నల్ వచ్చినప్పుడు అది ఒక వైపు సున్నాకీ, ఇంకో వైపు 96కీ ఊగుతుంది. అంటే ఊపు శిఖరం 48 మిల్లీఆంపులు. 5 కిలో ఓంల లోడ్‌లో పవర్ అంటే 0.048 వర్గం ఇంటూ 5000, దానిలో సగం. వచ్చేది 5.76 వాట్లు. డేటాషీట్ చెప్పేది 5.7 వాట్లు. ఆ చివరి అంచున డిస్టార్షన్ 10 శాతం దాకా ఉంటుంది కాబట్టి, శుభ్రంగా వినగలిగేది 4 వాట్ల చిల్లర అనుకోండి.

ఇంకో విషయం కూడా ఈ లెక్కలోనే బయటపడుతుంది. 48 మిల్లీఆంపులు ఇంటూ 5 కిలో ఓంలు అంటే 240 వోల్టులు. ప్లేట్ వోల్టేజ్ 250కి అటూ ఇటూ అంత ఊగుతుంది, కాబట్టి పైవైపు 490 దాకా వెళ్తుంది. సప్లయ్ 270 దగ్గరే ఉన్నా ఇది జరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ తనలో దాచుకున్న శక్తిని తిరిగి ఇస్తుంది కాబట్టి. ప్లేట్ దగ్గరి వైరు, సాకెట్ 600 వోల్టులకు తగ్గకుండా ఉండాలనడానికి కారణం ఇదే.

మూడో అడుగు: ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్

బడ్జెట్‌లో పెద్ద వాటా ఇక్కడే పెట్టండి. వాల్వ్ మారిస్తే శబ్దం కొంచెం మారుతుంది, కెపాసిటర్ మారిస్తే మారిందని అనిపిస్తుంది, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మారిస్తే నిజంగా మారుతుంది.

స్పీకర్ 8 ఓంలు, వాల్వ్‌కి కావాల్సింది 5000 ఓంలు. 5000ని 8తో భాగిస్తే 625, దాని వర్గమూలం 25. అంటే ప్రైమరీ చుట్లు సెకండరీకి 25 రెట్లు ఉండాలి. స్పీకర్ మీద 5 వాట్లకు 6.3 వోల్టులు కావాలి, కాబట్టి ప్రైమరీ మీద 158 వోల్టుల ఆర్ఎంఎస్ ఆడుతుంది.

కొనేటప్పుడు మూడు విషయాలు అడగండి. ఒకటి, సింగిల్ ఎండెడ్ రకమేనా? మన ప్రైమరీలో 45, 50 మిల్లీఆంపుల డీసీ ఎప్పుడూ ఒకే దిశలో పారుతుంటుంది. దానికోసం కోర్‌లో సన్నని ఎయిర్ గ్యాప్ వదులుతారు. పుష్‌పుల్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ గ్యాప్ ఉండదు, ఇక్కడ వాడితే కోర్ శాచురేట్ అయి బాస్ మొత్తం పోతుంది. రెండు, కనీసం 60 మిల్లీఆంపుల డీసీకి చేసిందేనా? మూడు, ప్రైమరీ ఇండక్టెన్స్ ఎంత?

మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. ఈఎల్84 పెంటోడ్ (మూడు గ్రిడ్లున్న వాల్వ్), దాని లోపలి రెసిస్టెన్స్ దాదాపు 40 కిలో ఓంలు. దానికి 5 కిలో ఓంల లోడ్ పారలల్‌గా చూస్తే 4.4 కిలో ఓంలు. ఇండక్టెన్స్ 10 హెన్రీలయితే బాస్ 70 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పడిపోతుంది. ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇచ్చి తప్పుల్ని తగ్గించడం, ఆరో అడుగులో చూద్దాం) వేశాక ఇది చాలా కిందికి దిగుతుంది, అయినా కనీసం 10 హెన్రీలు లేనిది తీసుకోకండి. 5 వాట్ల యాంప్లిఫయర్‌కి 10 వాట్ల పెద్ద కోర్ తీసుకుంటే ఎప్పుడూ బాధపడరు. అరచేతిలో పట్టేంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పాత రేడియోలకు సరిపోయేవి, మనకు కాదు.

నాలుగో అడుగు: బయాస్

గ్రిడ్, కాథోడ్ కంటే 7.3 వోల్టులు కింద ఉండాలి. గ్రిడ్‌ని 470 కిలో ఓంల రెసిస్టర్‌తో గ్రౌండ్‌కి కట్టేసి, కాథోడ్‌నే 7.3 వోల్టులు పైకి లేపితే సరిపోతుంది. కాథోడ్‌లో ప్లేట్, స్క్రీన్ కరెంట్లు రెండూ కలిసి పారతాయి, మొత్తం 53.5 మిల్లీఆంపులు. 7.3ని దీనితో భాగిస్తే 136 ఓంలు. నేను 150 పెడతాను. కరెంట్ 50 మిల్లీఆంపులకు దిగుతుంది, వాల్వ్ తన హద్దుకి కొంచెం లోపల ఉంటుంది, ఎక్కువ కాలం బతుకుతుంది. దానిమీద ఖర్చయ్యే పవర్ అర వాట్ కూడా లేదు, అయినా 3 లేదా 5 వాట్ల రెసిస్టర్ వాడండి. చల్లగా ఉన్న రెసిస్టర్ విలువ మారదు.

దానికి పారలల్‌గా 470 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్. అది లేకపోతే గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందనే లెక్క) పడిపోతుంది. గ్రిడ్ పిన్‌కి ఆనుకునేలా 2.2 కిలో ఓంల రెసిస్టర్ సిరీస్‌లో, స్క్రీన్ పిన్‌కి 100 ఓంలు సిరీస్‌లో వేయండి. ఈ వాల్వ్‌కి గెయిన్ ఎక్కువ, అవి లేకపోతే వినపడని హై ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవుతుంది. ఆ 100 ఓంలు ఇంకో పనికీ వస్తాయి: దానిమీద 0.5 వోల్టులు కనిపిస్తే స్క్రీన్ కరెంట్ 5 మిల్లీఆంపులని అర్థం.

ఐదో అడుగు: డ్రైవర్

4.3 వోల్టులు కావాలి. ఫోన్, సీడీ ప్లేయర్, డీఏసీ (డిజిటల్ పాటని సిగ్నల్‌గా మార్చే పెట్టె) లాంటివి ఇచ్చేది సుమారు 1 నుంచి 2 వోల్టులు. పైకి చూస్తే కొంచెం గెయిన్ చాలు. కానీ ఫీడ్‌బ్యాక్ కోసం కొంత గెయిన్ ఖర్చు పెట్టాలి కాబట్టి ఈసీసీ83, అంటే 12ఏఎక్స్7, తీసుకుందాం. ఒకే గాజులో రెండు ట్రయోడ్‌లుంటాయి, స్టీరియోలో ఒక్కో ఛానెల్‌కి ఒకటి వస్తుంది. మూడు వాల్వులతో స్టీరియో యాంప్లిఫయర్ పూర్తి.

ప్లేట్‌కి 100 కిలో ఓంలు, కాథోడ్‌కి 1.5 కిలో ఓంలు. 240 వోల్టుల సప్లయ్‌తో ఒక్కో ట్రయోడ్‌లో 0.85 మిల్లీఆంపుల దాకా పారుతుంది. కాథోడ్ మీద కెపాసిటర్ వేస్తే గెయిన్ 50 దాటుతుంది, వేయకపోతే సుమారు 26. మనం వేయొద్దు, ఫీడ్‌బ్యాక్ వచ్చి కలిసే చోటు అదే. ఈ ప్లేట్ నుంచి ఈఎల్84 గ్రిడ్‌కి 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్. 470 కిలో ఓంలతో కలిసి ఇది 3.4 హెర్ట్జ్ దాకా పంపుతుంది, అంతకంటే అక్కర్లేదు. ఇన్‌పుట్‌లో 100 కిలో ఓంల లాగ్ వాల్యూమ్ కంట్రోల్.

ఆరో అడుగు: ఫీడ్‌బ్యాక్ ఎందుకు, ఎంత

ఫీడ్‌బ్యాక్ లేకుండా ఉంటేనే అసలైన వాల్వ్ శబ్దమనే వాదన వినే ఉంటారు. ట్రయోడ్‌ల విషయంలో అందులో కొంత న్యాయం ఉంది. పెంటోడ్ విషయంలో మాత్రం ఒక్కసారి లెక్క చూడండి. వాల్వ్ లోపలి 40 కిలో ఓంలను 625తో భాగిస్తే స్పీకర్‌కి వెనక కనిపించేది 64 ఓంలు. 8 ఓంల స్పీకర్ కోన్‌ని అదుపు చేయడం దాని వల్ల కాదు. బాస్ గుమ్ము గుమ్మంటుంది, స్పీకర్ ఎక్కడ రెజొనేట్ అయితే అక్కడ శబ్దం ఉబ్బుతుంది.

స్పీకర్ టెర్మినల్ నుంచి ఈసీసీ83 కాథోడ్‌కి 22 కిలో ఓంల రెసిస్టర్ కట్టండి. ఔట్‌పుట్‌లో 1.5 బై 23.5 వంతు, అంటే 6.4 శాతం, వెనక్కి వస్తుంది. ఫీడ్‌బ్యాక్ లేనప్పుడు డ్రైవర్ 26 రెట్లు, ఔట్‌పుట్ స్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిపి సుమారు 1.5 రెట్లు, మొత్తం గెయిన్ 39. ఒకటికి 39 ఇంటూ 0.064 కలిపితే 3.5. గెయిన్ అంత రెట్లు తగ్గి 11 అవుతుంది, ఆ తగ్గుదల డెసిబెల్స్‌లో కూడా 11. డిస్టార్షన్ కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 5 వాట్లకు కావాల్సిన ఇన్‌పుట్ 0.56 వోల్టులు, మన సోర్స్‌లకు హాయిగా సరిపోతుంది. 64 ఓంలు సుమారు 2.7 ఓంలకు దిగుతాయి. ఇంతకంటే ఎక్కువ ఫీడ్‌బ్యాక్ కోసం ఆశపడితే ట్రాన్స్‌ఫార్మర్ ఫేజ్ షిఫ్ట్ వల్ల ఆసిలేషన్ మొదలవుతుంది. ఆసిలోస్కోప్ లేనివాళ్లు ఇక్కడే ఆగాలి.

ఫీడ్‌బ్యాక్ అస్సలు వద్దనుకుంటే దారి ఉంది. స్క్రీన్‌ని 100 ఓంల ద్వారా ప్లేట్‌కే కట్టేసి ట్రయోడ్‌గా వాడండి, కాథోడ్ రెసిస్టర్ 270 చేయండి. పవర్ 2 వాట్లకు పడిపోతుంది. సెన్సిటివిటీ 95 దాటిన స్పీకర్లున్నవాళ్లకు అదీ చాలు.

ఏడో అడుగు: పవర్ సప్లయ్

ఇక వెనక చివరికి వచ్చాం. ప్లేట్, కాథోడ్ మధ్య 250, కాథోడ్ మీద 7.5, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైరు రెసిస్టెన్స్ 300 ఓంలనుకుంటే అందులో పోయేది 14. కలిపితే సుమారు 272 వోల్టులు కావాలి. కరెంట్ రెండు ఛానెళ్లకు కలిపి 105 మిల్లీఆంపుల దాకా, 110 అనుకుందాం.

210 వోల్టుల సెకండరీ, నాలుగు 1ఎన్4007 డయోడ్‌ల బ్రిడ్జ్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. 210కి శిఖరం 297, లోడ్ పడ్డాక 283 చుట్టుపక్కల నిలుస్తుంది. ఆ తర్వాత 5 హెన్రీలు, 150 మిల్లీఆంపుల చోక్ (ఇనుప కోర్ మీద చుట్టిన కాయిల్). దాని వైరు 100 ఓంలుంటే 11 వోల్టులు పోయి సరిగ్గా 272 మిగులుతుంది. చోక్ తర్వాత ఇంకో 100 మైక్రోఫారడ్. కెపాసిటర్ ముందున్న బ్రిడ్జ్ కరెంట్‌ని ఊపిరి బిగపట్టి గుక్కలు గుక్కలుగా తాగుతుంది కాబట్టి, సెకండరీని డీసీకి 1.8 రెట్లకు లెక్కగట్టి 200 మిల్లీఆంపులకు చుట్టించాలి. హీటర్లకు 0.76, 0.76, 0.3 కలిపితే 1.82 ఆంపులు, 6.3 వోల్టులు 3 ఆంపులది తీసుకోండి. మొత్తం 60 నుంచి 70 వీఏ ట్రాన్స్‌ఫార్మర్.

హమ్ సంగతి ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయర్‌ల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు అదే. 50 హెర్ట్జ్ మెయిన్స్‌లో ఫుల్ వేవ్ రెక్టిఫై చేస్తే రిపుల్ (డీసీ మీద మిగిలే ఏసీ అల) 100 హెర్ట్జ్. మొదటి కెపాసిటర్ మీద అది 11 వోల్టుల దాకా ఉండొచ్చు. చోక్ 100 హెర్ట్జ్ దగ్గర 3140 ఓంలు, దాని తర్వాతి కెపాసిటర్ 16 ఓంలు, కాబట్టి రిపుల్ దాదాపు 200 రెట్లు తగ్గుతుంది. చోక్ దొరక్కపోతే 100 ఓంల 5 వాట్ల రెసిస్టర్, 220 మైక్రోఫారడ్ వేయొచ్చు, అప్పుడు తగ్గేది 14 రెట్లే, దాదాపు 0.8 వోల్టుల రిపుల్ మిగులుతుంది.

అయితే ఆ 0.8 వోల్టులు స్పీకర్‌కి చేరే దారులు రెండున్నాయి. ప్లేట్ దారిలో వచ్చేది తక్కువ. పెంటోడ్ ప్లేట్ వోల్టేజ్ మారినా కరెంట్ పెద్దగా మారదు, స్పీకర్ దగ్గర 4 మిల్లీవోల్టులు కూడా కనిపించవు. స్క్రీన్ దారి వేరు. స్క్రీన్ కూడా ఒక గ్రిడ్డే, దానిమీద రిపుల్‌ని వాల్వ్ రెండున్నర రెట్లు పెంచి ప్లేట్‌కి ఇస్తుంది. స్పీకర్‌లో అది 80 మిల్లీవోల్టులవుతుంది, గది అవతలికి వినిపిస్తుంది. కాబట్టి స్క్రీన్‌లకు విడిగా ఫిల్టర్ వేయండి: 1 కిలో ఓం 2 వాట్లు, 47 మైక్రోఫారడ్. రిపుల్ ఇంకో 29 రెట్లు తగ్గుతుంది. చాలామంది ప్లేట్ సప్లయ్‌కే పెద్ద పెద్ద కెపాసిటర్లు పేర్చుకుంటూ పోతారు, హమ్ మాత్రం స్క్రీన్ నుంచి వస్తూనే ఉంటుంది. స్క్రీన్ సప్లయ్ నుంచి 10 కిలో ఓంలు, 22 మైక్రోఫారడ్‌తో ఈసీసీ83కి సప్లయ్ తీయండి. అక్కడ 240 వోల్టుల చిల్లర వస్తుంది.

కెపాసిటర్లన్నీ 450 వోల్టులవే కొనండి. వాల్వులు వేడెక్కేలోపు కరెంట్ తీసుకునేవాళ్లు లేరు, ట్రాన్స్‌ఫార్మర్ లోడ్ లేకుండా 10 శాతం ఎక్కువ ఇస్తుంది, మెయిన్స్ ఇంకో 10 శాతం ఎక్కువుంటే 359 దాకా పోతుంది. 350 వోల్టుల కెపాసిటర్ అప్పుడు తన హద్దు దాటిపోతుంది. మెయిన్ కెపాసిటర్‌కి పారలల్‌గా 100 కిలో ఓంల 3 వాట్ల బ్లీడర్ రెసిస్టర్ శాశ్వతంగా ఉండాలి, ఆఫ్ చేశాక రెండు నిమిషాల్లో అన్నీ ఖాళీ అవుతాయి. మామూలు పావు వాట్ రెసిస్టర్‌లు సాధారణంగా 250 వోల్టులకు మించి ఓర్చుకోవు, ఇక్కడ వాడకండి. ప్లగ్ వైపు 230 వోల్టులకు 1 ఆంప్ స్లో ఫ్యూజ్, హై వోల్టేజ్ సెకండరీలో 315 మిల్లీఆంపుల స్లో ఫ్యూజ్.

ఎనిమిదో అడుగు: కట్టడం

అల్యూమినియం చాసిస్ కోయడం, డ్రిల్ చేయడం తేలిక. రంధ్రాలు పెట్టే ముందు రెండు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లకూ చోటు తేల్చుకోండి. దానికొక మంచి పద్ధతి ఉంది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదానికే కరెంట్ ఇచ్చి, సెకండరీ తీగలన్నీ టేప్‌తో కప్పి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించండి. ట్రాన్స్‌ఫార్మర్‌ని మెల్లగా తిప్పుతూ, జరుపుతూ వింటుంటే ఒక చోట హమ్ దాదాపు మాయమవుతుంది. అక్కడే బిగించండి. తర్వాత ఎంత ఫిల్టర్ వేసినా ఈ రకం హమ్ పోదు.

ఒక్కో ఈఎల్84 హీటర్‌తో కలిపి 17 వాట్ల దాకా వేడి వదులుతుంది. వాల్వుల మధ్య, పక్కన ఉన్న ఎలక్ట్రోలిటిక్‌ల మధ్య గాలి ఆడాలి. సాకెట్ పిన్నులు కింది నుంచి చూస్తూ గ్యాప్ దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు దిశలో లెక్కించాలి. ఈఎల్84లో 2 గ్రిడ్, 3 కాథోడ్, 4, 5 హీటర్, 7 ప్లేట్, 9 స్క్రీన్. 1, 6, 8 ఖాళీగా ఉన్నాయి కదా అని వాటిమీద వేరే తీగలు సోల్డర్ చేయకండి, లోపల కనెక్షన్ ఉండొచ్చు. ఈసీసీ83లో ఒక ట్రయోడ్ 1, 2, 3, రెండోది 6, 7, 8, వరసగా ప్లేట్, గ్రిడ్, కాథోడ్. హీటర్‌కి 4, 5 కలిపి ఒక వైపు, 9 ఇంకో వైపు.

హీటర్ తీగలు మొదట వేయండి. రెండూ గట్టిగా మెలిపెట్టి, చాసిస్ మూలల్లోకి ఆనించి తీసుకెళ్లాలి. హీటర్ రెండు కొసల నుంచీ చెరో 100 ఓంలు గ్రౌండ్‌కి కట్టండి, ఇది మర్చిపోతే హమ్ వెతుక్కుంటూ వారాంతం గడిచిపోతుంది. గ్రౌండ్ తీగలు పవర్ సప్లయ్ నుంచి ఔట్‌పుట్, అక్కడి నుంచి ఇన్‌పుట్ వరసలో ఒకే లైన్‌గా వెళ్లి, ఇన్‌పుట్ సాకెట్ దగ్గర ఒక్క చోటే చాసిస్‌ని తాకాలి. ఇన్‌పుట్ సాకెట్లు చాసిస్ నుంచి ఇన్సులేట్ అయి ఉండాలి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ ఒక కొసని తప్పకుండా గ్రౌండ్ చేయండి. ఇన్సులేషన్ పోయిన రోజున స్పీకర్ తీగల్లోకి హై వోల్టేజ్ రాకుండా కాపాడేది అదే.

తొమ్మిదో అడుగు: మొదటిసారి ఆన్

స్పీకర్ బదులు రెండు ఛానెళ్లకూ 8 ఓంలు, 10 వాట్ల రెసిస్టర్‌లు కట్టండి. లోడ్ లేకుండా వాల్వ్ యాంప్లిఫయర్ నడిపితే ప్రైమరీ మీద వోల్టేజ్ అదుపు తప్పి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఫీడ్‌బ్యాక్ 22 కిలో ఓంలు ఇప్పుడే కట్టొద్దు. మెయిన్స్‌కి సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బ్ పెట్టండి. లోపల షార్ట్ ఉంటే బల్బ్ పూర్తిగా వెలుగుతుంది, సామాను బతుకుతుంది.

వాల్వులు లేకుండా మొదలు. బల్బ్ ఒక్కసారి మెరిసి మసకబారాలి. హీటర్ పిన్నుల మధ్య 7 వోల్టుల దరిదాపులు, మొదటి కెపాసిటర్ మీద 300 పైన కనిపించాలి. ఆఫ్ చేసి, ఖాళీ అయ్యేదాకా ఆగి, వాల్వులు పెట్టి, బల్బ్ తీసేసి మళ్లీ ఆన్ చేయండి. అర నిమిషంలో వెచ్చబడతాయి.

మీటర్‌ని ఈఎల్84 కాథోడ్ మీద పెట్టి చూస్తూ ఉండండి. 7 నుంచి 8 వోల్టుల దగ్గర ఆగాలి. 7.5 ఉంటే 150తో భాగించి 50 మిల్లీఆంపులు, స్క్రీన్‌కి 5 తీసేస్తే ప్లేట్‌కి 45. ప్లేట్ మీద 258 ఉందనుకుంటే కాథోడ్ తీసేసి 250, ఇంటూ 45 మిల్లీఆంపులు, 11.3 వాట్లు. 12 లోపు ఉంది, బాగుంది. కాథోడ్ మీద 10 దాటి పెరుగుతూ పోతుంటే వెంటనే ఆఫ్. గ్రిడ్ మీద పాజిటివ్ వోల్టేజ్ కనిపిస్తే కప్లింగ్ కెపాసిటర్ (ఈసీసీ83 ప్లేట్ నుంచి వచ్చే ఆ 0.1 మైక్రోఫారడ్‌ది) లీక్ అవుతోందని అర్థం. అక్కడ సున్నాయే ఉంటే వాల్వ్‌నో, కాథోడ్ రెసిస్టర్‌నో అనుమానించండి. ప్లేట్ లోహం ఎర్రగా కాలుతున్నట్టు కనిపించినా అదే పని, ఆఫ్. ఈసీసీ83 ప్లేట్‌ల మీద 150, 160 వోల్టులు, కాథోడ్‌ల మీద 1.2 దరిదాపులు ఉంటే డ్రైవర్ కూడా సరే.

అన్నీ సరిగ్గా ఉంటే ఆఫ్ చేసి, ఒక పాత చవక స్పీకర్ కట్టి పాట వినండి. ఆ తర్వాత మళ్లీ ఆఫ్ చేసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక ఒక ఛానెల్‌కి ఫీడ్‌బ్యాక్ కట్టండి. శబ్దం తగ్గి శుభ్రమైతే దిశ సరిగ్గా ఉంది. పెద్దగా అరుపు మొదలైతే దిశ తలకిందులైంది, ఆపేసి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తీగలు రెండూ అటుదిటు మార్చండి. రెండో ఛానెల్‌కి కూడా విడిగా ఇదే పరీక్ష చేయాలి. రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ ఒకే చోట కొన్నవైనా తీగల రంగులను నమ్మొద్దు.

మిగిలిన కొద్దిపాటి హమ్‌ని ఇలా వేరు చేయండి. వాల్యూమ్ తిప్పితే మారుతుంటే అది ఇన్‌పుట్ వైరింగ్‌లోంచి వస్తోంది. మారకపోతే ఈసీసీ83 పీకి చూడండి. అప్పుడు పోతే డ్రైవర్ గ్రౌండ్ లేదా హీటర్ తీగలు. అప్పుడూ ఉంటే ఔట్‌పుట్ స్టేజ్, అందులోనూ మొదట స్క్రీన్ సప్లయ్ కెపాసిటర్. ఫీడ్‌బ్యాక్ ఈసీసీ83 గుండానే పనిచేస్తుంది కాబట్టి, దాన్ని పీకినప్పుడు ఔట్‌పుట్ స్టేజ్ హమ్ కాస్త పెరిగినట్టు వినిపిస్తుంది, దానికి కంగారు పడకండి. కాథోడ్ వోల్టేజ్‌లు రెండూ ఒక కాగితం మీద రాసి చాసిస్ లోపల అంటించండి. కొన్నాళ్ల తర్వాత కొలిచినప్పుడు ఒకటి బాగా తగ్గి కనిపిస్తే ఆ వాల్వ్ మార్చే సమయం వచ్చినట్టే.